ఏ చెవితో వింటావు

విచారణ రోజు పొద్దున రోదియోన్ చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. కాలరు దగ్గర మడత పోలేదన్నాడు. మళ్లీ నీళ్లు చల్లి రుద్దాను. ఇస్త్రీ పెట్టె వేడి చేయాలంటే ఉమ్మడి వంటింట్లోకి వెళ్లాలి. అక్కడి పొయ్యి మీద ఐదు కుటుంబాల గిన్నెలుంటాయి. పక్క గది తైసియా గిన్నె ఉండే చోటు ఖాళీగా ఉంది. ఆమె పోయినప్పటి నుంచి అక్కడ ఎవరూ ఏమీ పెట్టలేదు. నేను ఇస్త్రీ పెట్టె పెట్టాను.

"నిన్ను అడుగుతారు. ఏం చెప్తావు?" అన్నాడు నా మొగుడు.

"ఇంజను రెక్కలన్నీ బాగున్నాయని చెప్తాను."

"ఇంకా?"

"తైసియా ముందు రోజు రాత్రి తాగిందని. పక్క గదిలో ఉంటాను కాబట్టి చూశానని."

"అంతే. చచ్చినదానికి జైలేముంది." చొక్కా తొడుక్కుని అద్దంలో చూసుకున్నాడు. "మడత ఇంకా ఉంది. ఒక్క పనీ చేతకాదు నీకు. అయినా నిన్ను కాపాడుతున్నాను, తెలుస్తోందా?"

తెలుస్తోంది. చచ్చినదానికి జైలు లేదు. కాని దానికొక కూతురుంది, రిమ్మా. ఇంకా బడికి కూడా పోవట్లేదు. తాగి ఇంజను పేల్చిందని రాస్తే ఆ పిల్లకి పింఛను రాదు, గది ఉండదు. అనాథాశ్రమంలో పడేస్తారు. తల్లి పేరు ఎత్తిన ప్రతివాళ్లూ ఆమెని ద్రోహి అంటారు.

మా కర్మాగారానికి పేరు లేదు, అంకె ఉంది. వోల్గా ఒడ్డున పొగ కక్కుతూ ఉంటుంది. యుద్ధం అయ్యాక మాకు జెట్ ఇంజన్ల పని ఇచ్చారు. అమెరికా వాళ్లకి ఉన్నాయి, మనకీ ఉండాలి, మాస్కో నుంచి ఎవరొచ్చినా ఇదే మాట. ఇంజను లోపల ఒక చక్రం, చక్రం చుట్టూ వేలెడంత లోహపు రెక్కలు. నిప్పుగాలి రెక్కల్ని కొడితే చక్రం తిరుగుతుంది. ఒక్క రెక్కకి వెంట్రుకంత పగులుంటే చాలు, అది ఊడి పక్కవాటిని నరుక్కుంటూ బయటికొస్తుంది. ఆ పగులు లోపలుంటే కంటికి కనబడదు. కొట్టి వినాలి. అదే నా పని. తీగకి వేలాడదీసి చిన్న సుత్తితో తాకిస్తాను. మంచి రెక్క మోగుతుంది, చాలాసేపు మోగుతుంది. పగిలింది దగ్గుతుంది. మా నాన్న సిజ్రాన్ స్టేషన్లో రైలు చక్రాలు ఇలాగే కొట్టి వినేవాడు, ఆ చెవే నాకూ వచ్చిందని షెడ్డులో అందరూ అనేవారు. బాగున్న రెక్క మొదలు మీద నా ముద్ర కొడతాను. ముద్రలో నా అంకె ఉంటుంది. ఎక్కడ పగిలినా ఆ అంకె వెతుక్కుంటూ నా దగ్గరికే వస్తుంది.

రోదియోన్ పరీక్ష విభాగంలో రెండో అధికారి. తయారైన ఇంజన్ని సిమెంటు గదిలో బిగించి నడిపించి చూసే విభాగం. ఇంజను పరీక్షకి నిలబడ్డ రోజు అతనికి వోడ్కా. కూలిన రోజు నేను. ఆ ఏడాది చాలా ఇంజన్లు కూలాయి. వాళ్లమ్మ ఊరి నుంచి వచ్చినప్పుడు నా పెదవి చిట్లి ఉంది. చూసింది. "నా కొడుకు చేతిలో దేశం ఉంది. నీ చేతిలో గిన్నె ఉంది. అదన్నా సరిగ్గా పట్టుకో" అంది. పార్టీ కమిటీలో రెగీనా ఒసిపొవ్నాకి చెప్పుకున్నాను. "కపితలీనా సావ్విష్నా, కాస్త ఓర్చుకోండి, ఆయన నిద్రలేకుండా పనిచేస్తున్నాడు" అంది. నేనూ అదే షెడ్డులో అన్ని గంటలూ పనిచేసి, రొట్టె వరుసలో నిలబడి, కట్టెలు మోసి, అతని లోబట్టలు ఉడకేసి, అప్పుడు పడుకుంటాను. నా నిద్ర సంగతి ఎవరూ ఎత్తలేదు.

జులైలో ఒక దొంతర రెక్కలు మొత్తం వెనక్కి పంపాను. సగానికి పైగా దగ్గాయి. ఆగస్టు పరేడ్‌లో కొత్త విమానం ఎగరాలి. నా మూలంగా పరీక్ష ఆగింది. పెళ్లాన్నే అదుపులో పెట్టుకోలేనివాడివి విభాగాన్నేం నడుపుతావని డైరెక్టరు అందరి ముందూ రోదియోన్‌ని అడిగాడట. నేను క్యాబేజీ పులుసు వడ్డిస్తున్నాను. అతను బూట్లు కూడా విప్పలేదు. అరవలేదు. మామూలుగా, దారి అడిగినట్టు అడిగాడు.

"ఏ చెవితో వింటావు నువ్వు?"

ఎందుకో అర్థం కాలేదు. చెప్పాను. ఎడమ చెవితో. షెడ్డులో నా కుడి పక్క గోడ అవతల గాలి పంపు మోత ఉంటుంది కాబట్టి.

జుట్టు పట్టుకుని తల తిప్పాడు. అరచెయ్యి గిన్నెలా వంచి ఆ చెవి మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. లోపల ఏదో చిరిగింది. పులుసు గిన్నె నా తొడల మీద పడింది. కాలిన నొప్పి తెలియలేదు. చెవిలోంచి వెచ్చగా మెడ మీదికి కారింది. "ఇక నీకన్నీ మోగుతాయిలే" అన్నాడని పెదవుల కదలికని బట్టి అర్థమైంది. తర్వాత అతను రొట్టె తిన్నాడు.

గోడ అవతలి నుంచి తైసియా వచ్చింది. ఆమె అతని విభాగంలోనే మెకానిక్కు. అతను బయటికి పోయేదాకా ఆగి వచ్చింది. వేడి ఉప్పు మూటతో చెవికి కాపడం పెట్టింది. "ఏమే కాపా, ఇంకెన్నాళ్లే? చెవి పోయిందని రేపే చెప్పు. లేకపోతే ఆ రెక్కలు నా నెత్తిన పేలతాయి" అంది. అని నవ్వింది కూడా. ఎప్పుడూ అలాగే మాట్లాడేది.

మర్నాడే చెప్పాను. రెగీనా ఒసిపొవ్నా గదిలో నిలబడి, వినబడట్లేదు, ఈ పని నుంచి తప్పించండి అన్నాను. ఆమె నా మెడ మీద ఎండిన నెత్తురు చూసింది. "పరేడ్ అయ్యాక చూద్దాం. ఇంకో చెవుంది కదా మీకు" అంది.

ఇంకో చెవితో విన్నాను. రెక్క మోగుతోందో పంపు మోగుతోందో తెలిసేది కాదు. అనుమానం వచ్చిన ప్రతిదీ వెనక్కి పెడితే సాయంత్రానికి రోదియోన్ మనుషులు మళ్లీ నా బల్ల మీదికి తెచ్చి పోసేవారు.

పేలింది మధ్యాహ్నం. మా షెడ్డు కిటికీలు రాలిపోయాయి. ఊడిన రెక్కలు సిమెంటు గోడలో దిగాయి. గోడకీ ఇంజనుకీ మధ్య తైసియా ఉంది. ఇంజను తిరుగుతుండగా ఎవరూ లోపలికి పోకూడదు. నూనె గొట్టం కారుతోందని, యంత్రం ఆపకుండానే చూసి రమ్మని రోదియోన్ పంపాడు. ఫొటోలు తీసుకున్నాక, షిఫ్టు దిగిన ఆడవాళ్లని ఆ గది కడగమన్నారు. మగవాళ్లని అడగలేదు. కడగడం మగవాళ్ల పని కాదు. బకెట్టు పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాను. గోడకి జుట్టు అంటుకుని ఉంది. ఉప్పు మూట కట్టిన చేతిని తలుపు దగ్గర చూశాను, చెయ్యి ఒక్కటే. రోదియోన్ గుమ్మంలో నిలబడి "ఆ మూల ఇంకా ఉంది, తుడువు" అన్నాడు. తుడిచాను. చక్రంలో విరిగి మిగిలిన మొదలు మీద నా అంకె ఉంది.

విచారణ గదిలో పొడుగు బల్ల. మధ్యలో విచారణ చేసే మేజర్, చివర రెగీనా ఒసిపొవ్నా. రోదియోన్ నా పక్కనే కూర్చున్నాడు. కాలరు మీద మడత అలాగే ఉంది.

చనిపోయిన మనిషి తాగేదా అని మేజర్ అడిగాడు.

"లేదు," అన్నాను. "పగిలిన రెక్క నేను వదిలాను. నాకు వినబడలేదు. ఎడమ చెవి లేదు నాకు. నా మొగుడు పగలగొట్టాడు."

మేజర్ కలం పక్కన పెట్టాడు. విసుగ్గా చూశాడు.

"అది మీ ఇంటి గొడవ. ఇక్కడెందుకు?"

అదే జవాబు వస్తుందని తెలుసు. నా పెదవి నాది, నా తొడ నాది, వాటి గురించి ఈ దేశంలో ఎవరికీ పట్టదు. ఇస్త్రీ చేస్తూ పొద్దుటి నుంచీ ఆ ఒక్క మాటే వెతుక్కున్నాను.

"కామ్రేడ్ మేజర్, ఆ చెవి ఇంటిది కాదు. కర్మాగారానిది. సైనిక ఇంజన్లు తనిఖీ చేసే పరికరం. అది రెక్కల్ని వెనక్కి పంపుతోందని తెలిసి, ఏ చెవితో వింటావని అడిగి మరీ పగలగొట్టాడు. పోయిందని రెగీనా ఒసిపొవ్నాకి మర్నాడే చెప్పాను. ఇంకోటుంది కదా అన్నారు."

మేజర్ కలం తీసుకున్నాడు. "ఏమని అడిగాడు? మళ్లీ చెప్పండి, నెమ్మదిగా."

మళ్లీ చెప్పాను. అతను ప్రతి మాటా రాసుకున్నాడు. నాకూ శిక్ష ఉంటుంది. పోనీ, రిమ్మా గది రిమ్మాకుంటుంది. బల్ల చివర రెగీనా ఒసిపొవ్నా మొహం సున్నం కొట్టినట్టయింది. మేజర్ తలుపు దగ్గరున్న సైనికులకి సైగ చేశాడు.

రోదియోన్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. నా మీదికి వంగి ఏదో చెప్తున్నాడు. ఊపిరి వెచ్చగా మెడకి తగులుతోంది. చాలాసేపు చెప్పాడు. బతిమాలాడో తిట్టాడో నాకు తెలియదు. అతను నా ఎడమ పక్కన కూర్చున్నాడు.