అరగదీసిన నంబర్లు

మొదట్లో అల్లాబక్షు చేతిలో ఉన్నవి చిలకలూరిపేట హైవే పక్కన రేకుల షెడ్డు ఒకటి, నాలుగు టన్నుల పాత సామాను, తొమ్మిది పంపులు. ఆ పంపులు యుద్ధవిమానాలవని అతనికి తెలియదు. మూతపడ్డ ఏదో కంపెనీ గోడౌన్‌ను వేలంలో పాడుకుంటే చెక్కపెట్టెల్లో వచ్చాయి. బరువు చూసి కొన్నాడు, బరువుకే అమ్ముదామనుకున్నాడు.

అసలు అతని వ్యాపారం జిన్నింగ్ మిల్లుల పాత సామాను. విరిగినవి రెండు కొని, పనికొచ్చేది ఒకటి చేసి అమ్ముతాడు. షెడ్డులోకి ఏది వచ్చినా ముందు కిరసనాయిల్లో కడగాలి, దానికి కట్టిన చీటీలు పీకాలి, గ్రైండింగ్ రాయి మీద పెట్టి మెరుపు తేవాలి. మెరిసే సరుకును ఎవడూ గీకి గీకి బేరమాడడని అతని నమ్మకం. పంపులు తొమ్మిదింటికీ చీటీలు పీకేశాడు గానీ, మూడింటికి మెరుపు తెచ్చేసరికి రాయి అరిగిపోయింది. కొత్త రాయి కొనడానికి బద్ధకించి మిగతా ఆరింటినీ అలాగే వదిలేశాడు.

ఆ బద్ధకం ఎంత విలువైందో సోమవారం పొద్దున తెలిసింది.

మంగళగిరి నుంచి త్యాగరాజు అనే పెద్దమనిషి వచ్చాడు. వైమానిక దళంలో ముప్పై రెండేళ్లు మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు పాత విమానాల సామాను వెతికిపెట్టే ఒక కంపెనీకి ఊరూరూ తిరుగుతున్నాడు. ఆరు పంపుల ముందు గొంతుక్కూర్చుని చాలాసేపు లేవలేదు.

"కిలో రెండు వందల నలభై సార్," అన్నాడు అల్లాబక్షు.

"కిలోల లెక్క కాదులెండి. ఇవి తయారుచేసిన ఫ్యాక్టరీ మూసేసి ఇరవై ఏళ్లయింది. ఆ విమానాలు మనవాళ్లు ఇంకా ఎగరేస్తున్నారు. ఇతర దేశాలు మూలన పడేసినవి కొని, విప్పి, ఆ ముక్కలతో వీటిని నడుపుతున్నాం."

"అంటే మీదీ నా వ్యాపారమే."

"మీదే. కాకపోతే మాకు కార్డు కావాలి. ప్రతి పంపుకీ ఒక కార్డు కట్టి ఉంటుంది. ఎన్ని గంటలు ఎగిరిందో, ఇంకెన్ని గంటలు ఎగరొచ్చో అందులో ఉంటుంది. పంపు మీద నంబరు, కార్డు మీద నంబరు ఒకటే కావాలి. లేకపోతే అది తూకం సరుకే."

"తిప్పి చూస్తే తెలీదా సార్, మంచిదో చెడ్డదో?"

"ఈరోజు ఎలా తిరుగుతోందో తెలుస్తుంది. రేపు గాల్లో ఆగిపోతుందో లేదో తెలీదు."

పన్నెండేళ్లుగా ఆ షెడ్డులో సామాను వేరుచేస్తున్న దేవకుమారి ఆ మాట విని మూల నుంచి ఒక గోనె ఈడ్చుకొచ్చింది. పీకిన కార్డులను పారేయబుద్ధికాక అందులో దాచింది. అంతకుముందు అది మిరపకాయల గోనె. త్యాగరాజు తల లోపల పెట్టి ఏడు తుమ్ములు తుమ్మాక తొమ్మిది కార్డులు బయటపడ్డాయి.

ఆరు కార్డులు ఆరు పంపులకు సరిపోయాయి. మిగిలిన మూడింటిలో రెండు మంచివి, మూడోదాని మీద ఎర్ర ముద్ర ఉంది.

"దీని ఆయుష్షు అయిపోయింది. ఇక వాడకూడదు. ఈ మూడు పంపులు ఎక్కడ?"

అవి వెనక అరలో పట్టా కింద అద్దాల్లా మెరుస్తున్నాయి. ఒక్కదాని మీదా నంబరు లేదు.

"గణపవరం గోడౌన్లో ఉన్నాయి సార్. గురువారానికి తెప్పిస్తా," అన్నాడు అల్లాబక్షు. దేవకుమారి తలెత్తి చూసి మళ్లీ వంచుకుంది.

"ఎర్ర ముద్రది వద్దు, ఆ రెండూ తెప్పించండి. నాలుగు విమానాలకు రెండేసి చొప్పున ఎనిమిది. ఒక్కోటి తొంభై వేలు. ఆరే ఉంటే మావాళ్లు ఆర్డరే వేయరు."

కారు వెళ్లాక అల్లాబక్షు గూట్లోంచి నంబర్లు కొట్టే ఉక్కు అచ్చుల పెట్టె తీశాడు. మూడింట్లో చెడ్డది ఒక్కటేగా అని లెక్క వేసుకున్నాడు.

"మూడింట్లో ఏ రెండో ఎట్టా తెలుస్తది సాహెబుగారూ?" అంది దేవకుమారి.

"ముఖం చూసి."

"మా ఆయన జోసఫ్ మిల్లులో మీరు అతికించిన బేళ్ల ప్రెస్సు ముందే రోజూ నిలబడతాడు. నేనేమన్నా అన్నానా? అది ఆగితే ఆయన కాళ్ల కింద నేలుంది."

"పని చూసుకో దేవకుమారమ్మా."

ఆమె పని చూసుకుంది. అతను రెండు పంపుల మీద రెండు మంచి కార్డుల నంబర్లు కొట్టాడు. కొత్త ముద్రకు పాత రంగు తేవడం అతనికి వెన్నతో పెట్టిన విద్య. ఉప్పు, చింతపండు కలిపి రుద్ది, రెండు రోజులు ఎండబెట్టి, పైన మట్టి అద్దాడు.

గురువారం త్యాగరాజు కళ్లజోడు సర్దుకుని ఒక్కో నంబరూ వేలితో తడిమి చూశాడు. ఎనిమిదీ కారులో పెట్టించాడు. ఏడు లక్షల ఇరవై వేలు బ్యాంకులో పడ్డట్టు అల్లాబక్షు ఫోను మోగింది. దారిలో బోయపాలెంలో భోంచేసి వెళ్తానని చెప్పి ఆయన బయల్దేరాడు.

అరలో మిగిలిన పంపును దేవకుమారి గుడ్డతో తుడిచింది. "ఎర్ర కార్డుది ఇదేనా?"

"అనుకుందాం."

"పెళ్లికి ముందు నేను మిరప కొట్లో కాయలేరేదాన్ని. మూడు కాయల్లో ఒకటి పుచ్చయితే, రెండు పట్టుకుపోయినోడికి పుచ్చు తగులుద్దా, ఒకటి మిగుల్చుకున్నోడికి తగులుద్దా?"

అల్లాబక్షు టీ తెప్పించుకుని సగం తాగాడు. కూర్చున్నాడు, లేచాడు. మిగిలిన పంపును కాటా మీద పెట్టాడు. ఆరు కిలోలు. దింపి మళ్లీ పెట్టాడు. ఆరు కిలోలే. వదిలేసింది ఒకటి, పంపింది రెండు. చెడ్డది కారులో ఉండడానికి మూడింట రెండు వంతుల అవకాశం. జీవితంలో ఇంత చెడ్డ పందెం ఎప్పుడూ కాయలేదు. పైగా ఇది తను కాసిన పందెం, ఓడేది ముఖం కూడా తెలియని ఇంకొకడు.

ఫోను చేశాడు. త్యాగరాజు ఎత్తలేదు. బండి నడుపుతూ ఫోనెత్తే మనిషి కాడు. రెండోసారీ ఎత్తలేదు. మూడోసారి మోగుతుండగానే అల్లాబక్షు బైకెక్కాడు. పత్తి బేళ్ల లారీల పక్కనుంచి, గ్రానైట్ లారీల దుమ్ములోంచి, ఎన్నడూ లేనిది ఎనభైలో పోయాడు.

బోయపాలెం మెస్సులో త్యాగరాజు పెరుగన్నం కలుపుతున్నాడు.

"ఏంటండీ, డబ్బు పళ్లేదా?"

"పడింది సార్. వెనక్కి పంపుతా. రెండిటి మీద నంబర్లు నేనే కొట్టా."

త్యాగరాజు చేయి ఆగింది. కడుక్కుని కారు దగ్గరికి నడిచాడు. "చూపించండి."

అల్లాబక్షు చూపించాడు. ఆయన గోరుతో గీశాడు, ఎండకు పట్టి చూశాడు, కళ్లజోడు తీసి మళ్లీ చూశాడు.

"ఇది నేను పట్టుకోలేకపోయాను," అన్నాడు చివరికి. "ఒరిజినల్ ఏమైంది?"

"మెరుపు కోసం రాయి మీద పెట్టా సార్. అలవాటు."

"మిగతా ఆరు?"

"అవి నిజమైనవే సార్. మా అమ్మ మీదొట్టు."

"నేను నమ్ముతాను. నేను నమ్మితే చాలదు. ఒక్క నంబరు మీద అనుమానం పడితే సరుకంతా పక్కకే." కారు డిక్కీ మూసి, దాని మీద చేయి ఆనించాడు. "ఈ నాలుగు విమానాల దగ్గర కుర్రాళ్లు రోజూ అడుగుతున్నారు, సార్ పంపులొచ్చాయా అని."

ఇద్దరూ షెడ్డుకు తిరిగొచ్చారు. పంపులు ఇంకో దారిన బజారులోకి రాకుండా తన కళ్లముందే కోయాలన్నాడు త్యాగరాజు. గ్యాసు కటర్ వెలిగించి అల్లాబక్షు తొమ్మిదింటినీ రెండేసి ముక్కలు చేశాడు. మంచి ఆరింటి దగ్గరికి వచ్చేసరికి త్యాగరాజు మొహం రోడ్డు వైపు తిప్పుకున్నాడు. డబ్బు వెనక్కి వేయించుకుని, కార్డులన్నీ తీసుకుని, నమస్కారం పెట్టకుండా వెళ్లిపోయాడు.

నెల తర్వాత ఫోను వచ్చింది.

"అల్లాబక్షు గారూ, చెన్నైలో ఒక వ్యాపారి దగ్గర ఇరవై సామాన్లున్నాయి. అన్నిటికీ కార్డులున్నాయి, అన్నీ సరిపోతున్నాయి. అదే నాకు నచ్చట్లేదు. మీరొచ్చి చూడాలి."

"నేనా సార్? నన్ను నమ్ముతారా?"

"కొనేటప్పుడు నమ్మను. దొంగముద్ర చూసేటప్పుడు మిమ్మల్ని కాక ఎవర్ని నమ్మాలి?"

దేవకుమారి విని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "మీ విద్యకి గవర్నమెంటు ఉద్యోగం వచ్చింది సాహెబుగారూ."

చెన్నైలో అల్లాబక్షు కళ్లజోడు అడగలేదు, టార్చి అడగలేదు. వేలు తడిచేసి ఒక్కో నంబరు మీదా అద్ది, నాలుక మీద పెట్టుకున్నాడు. అక్కడి వ్యాపారి మొదట నవ్వాడు. తర్వాత నవ్వలేదు.

చివరికి లెక్క ఇలా తేలింది. తొమ్మిది పంపుల ముక్కలు యాభై నాలుగు కిలోలు, పదమూడు వేలకు నలభై తక్కువ. ఏడు లక్షల ఇరవై వేలు వచ్చాయి, పోయాయి. నాలుగు విమానాలు నేల మీదే ఉన్నాయి. గ్రైండింగ్ రాయి కొనలేదు. చెన్నై పనికి రోజుకు మూడు వేలు, దారి ఖర్చులు వాళ్లవే. ఇరవై సామాన్లలో నాలుగు ఉప్పగా ఉన్నాయి.