డబ్బాల కింద వ్యాకరణం

నేను ఒక చార్టుని. ఇంగ్లీషు వ్యాకరణం చార్టుని. శివకాశిలో అచ్చయి, బొబ్బిలి పక్కన ఒక బడిగోడకి కాపురానికొచ్చాను. నౌన్, వెర్బ్, ఎడ్జెక్టివ్, ఫ్రేజ్, సెంటెన్స్ అంటూ నా ఒంటినిండా రంగుల గళ్లు. మాస్టారు బెత్తం ఆనిస్తే చాలు, పిల్లలు "నౌన్ ఈజ్ ద నేమ్" అంటూ రాగం తీసేవారు. అర్థమేమిటని ఒక్కరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. చిలక్కయినా పలికినందుకు జాంపండు పెడతారు. వీళ్లకి బెత్తమే దక్కేది.

ఒక వేసవిలో బడికి సున్నాలు వేస్తూ నన్ను పీకి చెత్తలో పడేశారు. ఆ ఆవరణలోనే అంగన్‌వాడీ ఆయాగా పనిచేసే పైడమ్మ చూసింది.

"గట్టి కాయితం. అరలోకి పనికొస్తాది," అని చుట్టి చంకలో పెట్టుకుంది.

అలా ఆవిడ వంటింటి అరలో పరుచుకున్నాను. నా నెత్తిన డబ్బాలెక్కాయి. ఇంత చదువూ ఉండి కందిపప్పు మోసే గతి పట్టిందే అని కుమిలిపోయాను.

పైడమ్మదీ దిగులే. అంగన్‌వాడీ టీచరమ్మ రిటైరవుతోంది. ఆ ఉద్యోగం తనకి రావాలంటే పదో తరగతి పాసవ్వాలి. అన్నీ గట్టెక్కాయి, ఇంగ్లీషు మాత్రం తప్పుతూనే ఉంది. ఈ మార్చిలోనూ తప్పితే ఉద్యోగం ఇంకెవరికో పోతుంది.

ఒకరోజు పప్పుడబ్బా ఎత్తి, కింద నన్ను చూసి ఆగిపోయింది.

"పప్పు... పేరు. అయితే ఇది నౌను." ఉప్పుడబ్బా ఎత్తింది, కింద వెర్బు గడి. "వెర్బంటే పనా? ఏపడం, రుబ్బడం, వార్చడం... ఓసి నీ ఇల్లు బంగారంగానూ! పొద్దున్నించీ నాను సేస్తన్నది ఇదేగా!"

ఆనాటి నుంచి వంటా చదువూ ఒకటయ్యాయి. భోజనానికి కూర్చున్న మొగుడు ఎర్నాయుడు ఆటపట్టించాడు.

"ఫ్రేజంటే ఏటే?"

"పోపు. నాలుగు గింజలు కలిసి ఘుమాయిస్తాయి గానీ కడుపు నిండదు. నిండితే అది సెంటెన్సు."

"అయితే నాకో సెంటెన్సు వడ్డించు," అన్నాడతను.

నా ఒంటి మీది మాటలకి అర్థం నాకే ఆ పూట తెలిసింది. నిజం చెప్పొద్దూ, సిగ్గేసింది.

పరీక్ష రాసొచ్చి మొగుడితో చెబుతుంటే విన్నాను. "కాయితం సూడగానే బుర్ర ఖాళీ అయిపోనాది. కళ్లు మూసుకున్నాను. మన అర కనపడ్డాది. ఒక్కో డబ్బా ఎత్తి సూసుకుని రాసేసినాను."

పాసైంది! ఆ కబురు వినగానే నా మీదున్న డబ్బాల బరువు నాకు తెలియనేలేదు. ఉద్యోగమూ వచ్చింది. నన్ను తడిగుడ్డతో తుడిచి, అంగన్‌వాడీ గోడకి తగిలించింది. తనిఖీకి వచ్చిన సూపర్‌వైజరమ్మ ముక్కు చిట్లించింది.

"ఈ మరకలేంటమ్మా? కొత్తది పెట్టుకోరాదూ?"

"ఉండనీండి మేడమ్. ఆ మరకల మీదే నాను సదువుకున్నాను."

ఆవిడ రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్లింది. ఇప్పుడు నా మీద పైడమ్మ వేలు ఆనుతుంది. ఆ వేలికి ఇంకా పోపు వాసనే. పిల్లలు చుట్టూ మూగి, "ఇదేటి టీచరమ్మా?" అంటారు. ఇన్నేళ్లకి నన్ను అడిగేవాళ్లు దొరికారు.