గ్యారేజీలో సగం

కారుకి చలేస్తుందట. రామ్మోహన్ అన్న మాట అది, సొంత బావమరిది. మనిషికి చలేస్తుందేమోనని ఈ మూడేళ్ళలో ఒక్కసారి అడిగినవాడు కాదు. జనార్దనరావు మోచేతి దాకా చెయ్యి ముంచి ఇడ్లీపిండి కలుపుతూ ఆ మాటనే నములుతున్నాడు. ఆదివారం నుంచి కారు లోపల పెడతాడట. నీ సామాను ఇంకెక్కడైనా చూసుకో బావా అన్నాడు నిన్న అన్నం దగ్గర, ఫోనులోంచి తల ఎత్తకుండానే.

ఇవాళ శుక్రవారం.

ఈ పరాయి దేశంలో, గిరావీన్ అనే పేటలో, రామ్మోహన్ ఇంటికి రెండు కార్లు పట్టే గ్యారేజీ ఉంది. ఒక సగంలో రామ్మోహన్ భార్య బిందుమాధవి కారు. రెండో సగం జనార్దనరావుది. గ్రైండరు, బియ్యం బస్తాలు, వరసగా పిండి టబ్బులు. పక్కపేట పెండిల్ హిల్‌లో మనవాళ్ళ కొట్లకు పిండి వేసి బతుకుతున్నాడు. జూలై అంటే ఇక్కడ నడి చలికాలం, పిండి శవంలా పడుంటుంది. ఎంత కొట్టినా లేవదు. మొదటి చలికాలం సగానికి సగం పారబోశాడు. ఆ తర్వాత కసిగా చలి మీద పడ్డాడు. రోలర్ తలుపుకు లోపలివైపు థర్మోకోల్ అట్టలు బిగించాడు, కింద సందుకు రబ్బరు పట్టీ కొట్టాడు, పక్క సందుల్లో పెళ్ళాం సుగుణ పాత చీరలు కుక్కాడు. ఆయిల్ హీటరు ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చి టబ్బుల మధ్య పెట్టాడు. ఇప్పుడు ఆ సగంలో పిండి పొంగుతుంది. ఈ దేశంలో అతని మాట విన్నది అదొక్కటే.

యాభై నాలుగేళ్ళ మనిషి. మెడ పొట్టి, భుజాలు బస్తాలు మోసినవి, ముంజేతుల మీద నూనె కాలిన మచ్చలు. కుడిచేతి చిటికెన వేలు వంకర. ఆ వేలు విరిగింది రెస్టారెంటు ఓనరు దవడ మీద. అమ్మను తిట్టాడని గుద్దాడు, ఉద్యోగం పోయింది. అంతకుముందు ఇంకో హోటలు వంటింట్లో మరుగుతున్న సాంబారు గిన్నె గోడకేసి కొట్టాడు. అసలు మొదలు ఏడో క్లాసులో. లెక్కల మాస్టారు వీపు మీద బెత్తం విరగ్గొడితే, ఆ విరిగిన ముక్కతోనే మాస్టారి చెవి చీరేసి ఇంటికొచ్చాడు. మళ్ళీ బడి మొహం చూడలేదు. చెయ్యి లేచిన ప్రతిసారీ ఏదో ఒకటి పోయింది. ఆ సంగతి అతనికి తెలుసు. అందుకే నిన్న రాత్రి చెయ్యి లేవకుండా కంచం పట్టుకుని కూచున్నాడు.

పొద్దున్నే చేతులు కడుక్కుంటూ కిటికీలోంచి చూశాడు. డ్రైవ్‌వేలో రామ్మోహన్ కారు. ముందు అద్దం నిండా తెల్లగా మంచు, సున్నం కొట్టినట్టు. అదే కదా గొడవంతా అనుకున్నాడు. రోజూ ఆఫీసుకి వెళ్ళేముందు చేతులు కొంకర్లు పోతూ ఆ మంచు గీకడం వాడికి ఏడుపు. ఇవాళ్టి నుంచి రోజూ వాడు బయటికొచ్చేసరికి అద్దం తళతళలాడుతుంటే, కారుని లోపల పెట్టడం దేనికి? ఈ ఒక్క చలికాలం దాటితే చాలు.

ఆలోచన రాగానే జనార్దనరావుకి ఒళ్ళు తేలికైంది. చల్లబడ్డ టబ్బుకి వేడినీళ్ళ గిన్నె ఆనించి పెట్టడం అతనికి రోజూ పనే. చలికి మందు వేడినీళ్ళు. పెద్ద కెటిల్ మసలకాచి, తువ్వాలుతో పట్టుకుని వెళ్ళి, అద్దం మీద ఈ చివర నుంచి ఆ చివరికి ధారగా పోశాడు. ఆవిరి లేచింది. మంచు జారిపోయింది. నవ్వుకున్నాడు.

అప్పుడు అద్దం ఫట్‌మంది. తుపాకి పేలినట్టు. అడ్డంగా ఒక గీత, దాంట్లోంచి కొమ్మలు.

రామ్మోహన్ చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చాడు. కెటిల్ చూశాడు, అద్దం చూశాడు.

"కడుపుమంట తీరిందా బావా? మొత్తానికి చేశావ్."

"మంచు పోతుందని పోశాన్రా."

"వేడినీళ్ళు పోస్తే గ్లాస్ క్రాక్ అవుతుందని కిండర్‌గార్టెన్ పిల్లలక్కూడా తెలుసు. కనీసం టెన్త్ చదివి ఏడిస్తే నీకూ తెలిసేది."

కెటిల్ లేచింది. ఎప్పుడు లేచిందో జనార్దనరావుకే తెలియదు. రామ్మోహన్ కనుబొమ్మ పగిలి, రక్తం కంట్లోకి కారింది. వాడు గుడ్డిగా మీదపడ్డాడు. ఇద్దరూ కలబడి పక్కతలుపులోంచి గ్యారేజీలోకి దొర్లారు. టబ్బులు బోర్లాపడ్డాయి. పిండిలో జారుతూ, ఒకరి గొంతు ఒకరు పట్టుకుని, బూతులు కూడా తిట్టుకోలేనంత రొప్పుతూ కొట్టుకున్నారు. రామ్మోహన్ మోకాలు పక్కటెముకల్లో దిగింది. జనార్దనరావు వాడి తలని నేలకేసి రెండుసార్లు కొట్టాడు. పోలీసుల్ని పిలుస్తానని బిందుమాధవి గుమ్మంలో ఫోను పట్టుకుని అరుస్తోంది.

సుగుణ వచ్చింది. వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ దిగి, ఆ యూనిఫారంలోనే. వచ్చి మొగుడి రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకుంది. తమ్ముణ్ణి పట్టుకోలేదు. ఆ సందులో రామ్మోహన్ లేచి బావ మూతి మీద గుద్దాడు. పన్ను ఊడి పిండిలో పడింది.

అంతటితో ఆగింది. పోలీసులు రాలేదు. బిందుమాధవి మొగుడికి ఐసు పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.

సుగుణ నీళ్ళ పైపుతో నేల కడిగింది. తర్వాత పైపు కట్టేసి, మెల్లగా అడిగింది.

"నిజం చెప్పండి. కావాలనే పోశారు కదూ?"

ఇరవై ఆరేళ్ళ కాపురం. జనార్దనరావు ఆమె వంక చూశాడు. విరగ్గొట్టినవన్నీ ఒక్కొక్కటీ ఆమెకి తెలుసు. చెదరగొట్టిన కొలువులు, పగిలిన గిన్నెలు, ఆమె చెంప మీద ఒకసారి. ఒకే ఒక్కటి మంచికి చేస్తే అది కూడా వాటి పక్కనే కూచుంది. నోట్లో రక్తం ఊసి,

"అవును, కావాలనే," అన్నాడు.

మధ్యాహ్నం పెండిల్ హిల్ కొట్టు భానుప్రసాద్‌కి ఫోను చేశాడు. వాళ్ళ గోడౌన్లో ఒక మూల ఖాళీ ఉందట. ఎంత జాగా కావాలన్నాడు. జనార్దనరావు స్టీలు టేపు తెచ్చి, మోకాళ్ళ మీద పాకుతూ, పక్కటెముక నొప్పికి ఆగుతూ, గ్యారేజీలో తన సగం కొలిచి చెప్పాడు. అంత లేదన్నాడు భానుప్రసాద్. మరేం ఫరవాలేదు, గ్రైండరు పడితే చాలన్నాడు జనార్దనరావు. వ్యాను వచ్చింది. గ్రైండరు, బస్తాలు, అతని బట్టల సంచీ ఎక్కించారు. సుగుణ వస్తాననలేదు, రాననీ అనలేదు. అతనికి స్వెట్టరు తెచ్చిచ్చి, నిద్ర ఆగక లోపలికెళ్ళి పడుకుంది.

ఆదివారం రామ్మోహన్, నుదుటికి కుట్లతో, కొత్త అద్దం వేయించిన కారుని లోపల పెట్టాడు. దిగి చూస్తే, ముందు టైరు కింద స్టీలు టేపు, ఎవరూ చుట్టని టేపు, లాకు వేసినది వేసినట్టే తలుపు నుంచి ఎదురు గోడ దాకా పరుచుకుని ఉంది. వెడల్పు మూడు మీటర్లని దాని పక్కన నేల మీద సుద్దతో రాసి ఉంది, పొడవు టేపు మీదే ఉంది: ఐదు మీటర్ల అరవై.