గొట్టం నిండా మైనం

"చేతుల మడత బ్లేడులా ఉండాలి, పోయినసారిలా తగలెయ్యకు" అని స్నానాల గదిలోంచి కేకేశాడు పోలీసు ఎవరిస్తో. పోయినసారంటే పతకం ఇచ్చిన రోజు. ఇవాళ వెళ్ళేది పతకానికి కాదు, మనిషిని చంపినందుకు సంజాయిషీ ఇవ్వడానికి. అయినా ఇస్త్రీ ఇస్త్రీయే కదా! అతని భార్య ఎదెల్మీరా చొక్కా మీద నీళ్ళు చిలకరించి మొదలుపెట్టింది. పదిహేనేళ్ళుగా పోలీసు చొక్కాలు ఇస్త్రీ చేస్తోంది. జీతం మాత్రం చొక్కా తొడుక్కున్నవాడికే.

వారం కిందట రేవు పక్క సందులో ఎలియూద్ అనే పాతికేళ్ళవాణ్ణి ఎవరిస్తో కాల్చేశాడు. రొయ్యల కొట్లకి ఐసు మోసి బతికేవాడు. "నా మీద తుపాకీ ఎత్తాడు. అది బొమ్మదో అసలుదో చూస్తూ కూర్చుంటే నేను పోయేవాణ్ణి" అన్నాడు ఎవరిస్తో. శవం పక్కన నల్లటి తుపాకీ దొరికింది, అచ్చం అసలుదానిలా ఉండే బొమ్మ. ఊరు నమ్మేసింది. "మంచివాడైతే తుపాకీతో పనేంటి? తల్లి పెంపకం అలా ఏడిసింది" అన్నారు. ఆ తల్లి జొవీతా కొడుకు ఫోటో పట్టుకుని రోజూ స్టేషన్ ఎదుట నిలబడుతోంది. "నా కొడుకు చేతిలో ఐసు సంచి తప్ప ఏమీ లేదు నాయనా" అని దారినపోయేవాళ్ళందరికీ చెబుతోంది. ఎదెల్మీరా ఆ వీధి తప్పించి చుట్టూ తిరిగి బజారుకెళ్తోంది. ఎందుకో తనకే తెలీదు. మొగుడి మాట నమ్మిన మనిషికి మొహం చాటెయ్యాల్సిన పనేముంది?

నిన్న మధ్యాహ్నం తెలిసింది ఎందుకో. మొక్కజొన్న రొట్టె బీన్సులో ముంచుకుంటూ ఎవరిస్తో విసుక్కున్నాడు. "రాజధాని నుంచి వచ్చిందే విచారణ లాయరమ్మ, ఫవియోలానో ఏదో, బుర్ర తినేస్తోంది. ఆ బొమ్మ తుపాకీ గొట్టం నిండా మైనం ఉందట. ఎవరు పోశారు, ఎందుకు పోశారు అని ఒకటే గోల. మైనం సంగతి నాకేం తెలుసే? ఇంకో రెండు రొట్టెలు వెయ్యి."

వేసింది. పెనం అంచు తగిలి వేళ్ళు కాలాయి. అయినా వేసింది.

జనవరిలో, పిల్లలకి బొమ్మలు కానుకలిచ్చే ముగ్గురు రాజుల పండగకి ముందు, పోలీసు భార్యల సంఘం పిల్లలకి ఓ కార్యక్రమం పెట్టింది. బొమ్మ తుపాకీ ఇస్తే బంతి ఇస్తారు. కమాండరు భార్య ఫోటో దిగి వెళ్ళిపోయింది. ఎండలో నిలబడి నూట పన్నెండు తుపాకులు పోగుచేసింది ఎదెల్మీరా. వాటిల్లో కొన్ని ప్లాస్టిక్ గుండ్లు పేలుస్తాయి, ఒకటి ఓ పిల్ల కంటికి వెంట్రుకవాసిలో తప్పింది. అమ్మో, పండగదాకా ఇవి ఇంకెవరి చేతిలో పడతాయో అనుకుని, సంచి ఇంటికి తెచ్చుకుంది. అత్తగారి దేవుడి దగ్గర మిగిలిన కొవ్వొత్తి ముక్కలు కరిగించి, మూడు మధ్యాహ్నాలు కూర్చుని ప్రతి గొట్టంలోనూ పోసింది. చెయ్యమని ఎవరూ చెప్పలేదు, చేశావా అని ఎవరూ అడగలేదు. అత్త ఓబ్దూలియా మాత్రం "ఇల్లంతా చర్చి కంపు! అంత తీరికుంటే నా కాళ్ళకి నూనె రాయొచ్చుగా" అంది. పండగనాడు అన్నిటినీ రోడ్డు రోలరు కింద తొక్కించాలి. సంచి ఎవరిస్తో జీపులో వెళ్ళింది. "రోలరు చెడిపోయింది, స్టేషన్లో పడేశాం" అన్నాడు తిరిగొచ్చి.

పెళ్ళాం మూడు రోజులు వంటింట్లో ఏం చేస్తోందో ఒక్కసారి తొంగిచూసి ఉంటే, ఆ సంచిలో చెయ్యి పెట్టేవాడు కాడు. చూడలేదు. ఆడదాని పని ఎవడు చూశాడు గనక!

అత్త మాత్రం అర్థం చేసుకుంది. నిన్న భోజనమయ్యి కొడుకు చెయ్యి కడుక్కోవడానికి లేవగానే గొంతు తగ్గించి అంది: "కొవ్వొత్తి ముక్కలు ఏ ఇంట్లో ఉండవే? నీకు మొగుడున్నాడు, నెత్తిన కప్పుంది. ఆవిడ కొడుకు ఎలాగూ తిరిగి రాడు."

పోయినేడు వరదల్లో ఎదెల్మీరాకి కడుపు పోయినప్పుడు, నడుం లోతు నీళ్ళలో ఆసుపత్రి దాకా ఎత్తుకుని మోసింది ఈ ఎవరిస్తోనే. దారంతా ఏడుస్తూనే నడిచాడు. ఆ చేతులూ ఇవే. వాటినెలా అప్పగించడం? కానీ పిల్లలకి దెబ్బ తగలకూడదని తను పోసిన మైనం, ఒకడి చావు మీద వేసిన అబద్ధంలో గడ్డకట్టి కూర్చుంది. కళ్ళనీళ్ళు చొక్కా మీద పడ్డాయి. వాటి మీదే ఇస్త్రీ చేసేసింది.

ఎవరిస్తో ఇంట్లో ఎలాంటివాడో విచారణలో భార్య నాలుగు మంచి మాటలు చెబితే బాగుంటుందని కమాండరు సలహా. అందుకే ఆమెనీ తీసుకెళ్ళాడు. తన వంతు అయ్యాక ఎవరిస్తో బయట బెంచీ మీద కూర్చున్నాడు. ఉక్కగా ఉందని తలుపు తీసే ఉంచారు. లాయరు ఫవియోలా కుర్రదే, కళ్ళ కింద నల్లటి చారలు.

"మీరేం పని చేస్తారమ్మా?"

"పనేముంది మేడమ్, ఇంట్లో ఖాళీగానే ఉంటుంది" అని బెంచీ మీంచి ఎవరిస్తోనే నవ్వుతూ అందుకున్నాడు.

లాయరు కలం కాగితం మీద ఆనింది.

"అలా రాయకండి" అంది ఎదెల్మీరా. "నూట పన్నెండు బొమ్మ తుపాకుల్లో మైనం పోశాను. ఎర్ర కొవ్వొత్తులూ తెల్లవీ కలిసి గులాబీ రంగు తేలింది. మీ దగ్గరున్న దాంట్లోనూ గులాబీ రంగే ఉంటుంది, చూసుకోండి. ఆ సంచి మా ఆయన జీపులో స్టేషన్‌కి వెళ్ళింది. జొవీతమ్మ అబద్ధం చెప్పట్లేదు."

బయట నవ్వు ఆగిపోయింది. "ఎదె!" అన్నాడు ఎవరిస్తో. కోపంగా కాదు, ఆ వరద నీళ్ళలో పిలిచినట్టే పిలిచాడు. ఆమె తల తిప్పలేదు. తిప్పితే లేచి వెళ్ళిపోతానని ఆమెకి తెలుసు.

లాయరు లేచి తలుపు మూసి గడియ పెట్టింది. "ఇది రాస్తే ఏమవుతుందో తెలుసా అమ్మా?"

"తెలుసు మేడమ్. ఇక్కణ్ణుంచి లేచాక నాకు వెళ్ళడానికి ఇల్లుండదు. అందుకే తొందరేం లేదు, ఒక్క ముక్క పోకుండా రాసుకోండి."