‘వదిన’: ఒక రిజిస్టర్డ్ పేరు

పోస్ట్‌మాన్ సైకిలు దిగకుండానే ఒక కాలు దుకాణం మెట్టు మీద ఆనించి, “వదినా, రిజిస్టరు ఉత్తరం. ఇక్కడో సంతకం” అన్నాడు.

ఆమె చేతి జిగురు గుడ్డకి తుడుచుకుని సంతకం పెట్టింది. కవరు చింపి, ముక్కు మీదకి జారిన అద్దాలు పైకి తోసుకుని చదివింది. అంత పొడుగు ఉత్తరంలోనూ ఉన్న సంగతి ఒక్కటే. “వదిన” అన్న పేరు గిటార్ల వ్యాపారంలో తమ కంపెనీ సొత్తు. పదిహేను రోజుల్లోగా దుకాణం బోర్డు మీద ఆ పేరు చెరిపేయాలి. ఇకమీదట గిటార్లకు సంబంధించిన ఏ సందర్భంలోనూ ఆమె ఆ పేరుతో తనను తాను పిలుచుకోరాదు, ఇతరులచేత పిలిపించుకోరాదు.

“ఏంటి వదినా, అంతా మంచేనా?” అన్నాడు పోస్ట్‌మాన్.

“ఇకనుంచి నన్నలా పిలవకూడదట.”

“ఎలా?”

“వదినా అని.”

అతను కాసేపు హ్యాండిల్ మీద వేళ్లతో తాళం వేశాడు. “మరేమని పిలవాలి వదినా?”

ఆమె ఉత్తరం మడిచి మళ్లీ కవర్లో పెట్టింది. వయసు అరవై ఎనిమిది. పందొమ్మిదో ఏట పెళ్లయిన రోజున మరిది నోట పడిన ఆ పిలుపు, వాళ్ల గిటార్ల వర్క్‌షాపు పనివాళ్లకి అంటుకుంది. వాళ్లనుంచి తీగలమ్మేవాళ్లకి, సంగీతం మేష్టర్లకి, చివరికి ఆమెకన్నా పదేళ్లు పెద్దవాళ్లకి కూడా పాకింది. కన్నవాళ్లు పెట్టిన పేరు రేషన్ కార్డులో తప్ప ఎక్కడా వాడకంలో లేదు. దుకాణం పెట్టినప్పుడు బోర్డు రాసేవాడు ఆమెని అడగనైనా అడగకుండా “వదిన గిటార్ రిపేర్లు” అని రాసేసి పోయాడు.

ఆ సాయంత్రం మరిది పిలవకుండానే వచ్చాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, గడపలోనే, “నాకేం తెలీదు వదినా” అన్నాడు.

“నేనింకా ఏం అడగలేదు.”

అతను స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఒకప్పుడు ముగ్గురూ కలిసి గిటార్లు చేసేవాళ్లు. ఆమె భర్త మెడలు చెక్కేవాడు. ఈమె గిటారు ముందు చెక్క వెనకాల సన్నటి బద్దలు అతికించి, వేళ్ల కణుపులతో కొట్టి విని, ఎక్కడ బిగుసుకుని ఉందో అక్కడ చిత్రిక పట్టేది. మరిది అమ్మేవాడు. ఆమె విని సరేనన్న గిటారు పెట్టె మీద మరిది సుద్దముక్కతో “వదిన” అని రాసి పెట్టేవాడు, అంటే వదిన చూసింది, పంపొచ్చు అని గుర్తు. దుకాణాలవాళ్లు అది మోడల్ పేరనుకున్నారు. “మొన్న పంపిన ‘వదిన’లు అయిపోయాయి, ఇంకో పది పంపండి” అని ఆర్డర్లు రావడం మొదలయ్యాక ఎవరూ దిద్దలేదు. నడిచే బండిని ఆపి చక్రం పేరు అడుగుతారా ఎవరైనా?

భర్త పోయాక మరిది వర్క్‌షాపుని ఒక పెద్ద కంపెనీకి, ఈ ఉత్తరం పంపిన కంపెనీకే, అమ్మేశాడు.

“ఆ కాగితాల్లో మోడల్ పేర్ల జాబితా ఒకటుంది వదినా,” అన్నాడిప్పుడు నేలచూపులు చూస్తూ. “పదకొండు పేర్లు. నువ్వు నాలుగోదానివి.”

“నన్ను నాలుగోదాన్ని చేసి అమ్మావా?”

“నిన్ను కాదు వదినా, పేరుని.”

“ఆ పేరు నేను పెట్టుకున్నదా? నువ్వు అంటగట్టిందే కదా!”

“అందుకే కదా అమ్మగలిగాను” అనేసి నాలిక్కరుచుకున్నాడు మరిది.

పన్నెండేళ్లు ఆ జాబితాని అటక మీద పడేసిన కంపెనీ, ఈ ఏడు దాని దుమ్ము దులిపింది. కొత్త గిటార్లకి పాత పేర్లు పెడితే జనం ఎగబడుతున్నారని ఎవరో చెప్పారట. మరిది జేబులోంచి కరపత్రం తీశాడు. “ఇంటి పెద్ద కోడలి ఓర్పు, ఆమె మెత్తని మాట, ఎంత గట్టిగా మీటినా కసురుకోని స్వరం... మన ‘వదిన’ తిరిగి వచ్చింది!”

“ఓర్పా? ఎవరికి?” అంది ఆమె.

జిగురు బ్రష్షుతో దెబ్బలు తిన్న రోజులు గుర్తొచ్చాయేమో, మరిది కొంచెం దూరం జరిగాడు. “అది వాళ్లు రాసుకున్నారు. నేనైతే అలాంటి మాట చచ్చినా చెప్పను.”

ఆవిష్కరణ సభకి మరిదిని ముఖ్య అతిథిగా పిలిచారు. తనూ వస్తానంది ఆమె. వద్దనే ధైర్యం అతనికి లేదు.

షోరూము గోడ నిండా ఒక బొమ్మ. సన్నగా, తెల్లగా ఉన్న పాతికేళ్ల పిల్ల కళ్లు మూసుకుని గిటారుని పసిబిడ్డలా హత్తుకుని ఉంది.

“ఎవరీ పిల్ల?”

“నువ్వే అనుకుంటా వదినా.”

గిటారు రూపొందించిన డిజైనరమ్మాయి మైకు ముందుకొచ్చింది. పొందికగా, నమ్మకంగా మాట్లాడింది. మొట్టమొదటి ‘వదిన’ ఎవరి దగ్గరుందో రెండేళ్లు వెతికి కొన్నారట. లోపల కెమెరా పెట్టి ప్రతి బద్దనీ కొలిచారట. “ఎడమవైపు రెండో బద్దకి గోరంత కోత కనిపించింది. అది అక్కడ ఎందుకుందో తేల్చుకోవడానికి మాకు ఆర్నెల్లు పట్టింది. మంద్ర స్వరాలకి ఊపిరాడేలా చేసిన రహస్యపు కోత అది! ప్రతి కొత్త ‘వదిన’లోనూ వెంట్రుకవాసి తేడా లేకుండా మా యంత్రం ఆ కోత పెడుతుంది.”

చప్పట్లు మోగాయి. ఆమె మరిది చెవిలో, “ఏ కోతరా?” అంది.

మరిది కూడా గొంతు తగ్గించాడు. “నేను గుమ్మంలోంచి ‘వదినా, ఆర్డరొచ్చింది’ అని అరిచాను చూడు... నువ్వు ఉలిక్కిపడ్డావు.”

ఆమెకి గుర్తొచ్చింది. ఆ రోజు ఉలి జారి బద్దతోపాటు బొటనవేలూ తెగింది. చెక్క పారేయడానికి మనసొప్పక, పక్క బద్దల్ని అటూ ఇటూ తగ్గించి, నానా తంటాలు పడి ఆ గిటారుని దారికి తెచ్చింది.

ఆమె లేచి నిలబడింది. “అమ్మాయ్, అది రహస్యం కాదు. ఉలి జారింది.”

హాలంతా నవ్వింది. మరిది కంగారుగా, “ఈవిడ మా వదినండీ” అన్నాడు. అమ్మకాల మేనేజరు మైకు అందుకుని, “అసలు వదినగారే వచ్చారు! చూశారా, గొప్పవాళ్లెప్పుడూ తమ గొప్ప చెప్పుకోరు. కూర్చోండి వదినగారూ!” అన్నాడు. పిలవకూడదని ఉత్తరం పంపింది ఆయన ఆఫీసే.

సభ అయ్యాక ఆమె స్టాండు మీది గిటారు తీసుకుంది. మెరుగు బాగుంది, తీగల ఎత్తు బాగుంది. మూడో మెట్టు దగ్గర లావు తీగ నొక్కి మీటింది. స్వరం బయటికి రాకుండా కడుపులోనే ‘బొయ్’మని మూలిగింది.

“విన్నావా?” అంది డిజైనరమ్మాయితో.

“అదే దీని ప్రత్యేకతండీ.”

“కడుపునొప్పి కూడా ప్రత్యేకతేనా?” అంది ఆమె. మరిది ఆమె చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోయాడు.

నెల తిరక్కుండా దుకాణానికి కొత్త గిటార్లు రావడం మొదలైంది. మొదట వచ్చిన సంగీతం మేష్టరు పెట్టె బల్ల మీద పెట్టి, “వదిన బాగాలేదు వదినా” అన్నాడు. ఆ మాట తనకే వింతగా తోచి తల గోక్కున్నాడు. తర్వాత వచ్చినవాళ్లదీ అదే పాట. ఆమె తీగలు విప్పి, వేళ్ల కణుపులతో చెక్కంతా తట్టి, గుండ్రటి రంధ్రంలోంచి చెయ్యి దూర్చి, కళ్లు మూసుకుని గరుకు కాగితంతో కుడివైపు బద్దల్ని అరగదీసేది. మళ్లీ తట్టేది. ఒక్కోదానికి ఒక పూట పట్టేది.

పదహారో గిటారు తెచ్చింది డిజైనరమ్మాయే. షోరూములో ఉన్న బిగువు మొహంలో లేదు. వారంలో నలభై గిటార్లు తిరిగొచ్చాయని ఎవరూ అడక్కుండానే చెప్పింది.

“కొలతలన్నీ సరిగ్గా మీవేనండీ. నూలుపోగంత తేడా లేదు. పాతది పలుకుతోంది, ఇవి మూలుగుతున్నాయి. ఎందుకు?”

“కొలతలు ఆ గిటారువి తల్లీ. ఆ చెక్కవి. ఒక్కో చెక్కది ఒక్కో గొంతు. పక్కింటాయన కళ్లద్దాలు తెచ్చి ఊరందరికీ పెడితే ఇలాగే ఉంటుంది.”

“మరి ఆ కోత?”

“చెప్పానుగా, ఉలి జారిందని.”

ఆ పిల్ల స్టూలు మీద కూలబడింది. “ఆర్నెల్లు,” అంది. “దాని మీద పెద్ద పరిశోధన పేపరు కూడా రాశాను.”

ఆమెకి నవ్వూ వచ్చింది, జాలీ వేసింది. గిటారు ఆ పిల్ల ఒళ్లో పెట్టి, “ఇక్కడ కొట్టు. ఇప్పుడిక్కడ. తేడా తెలిసిందా?” అంది. ఆ పిల్ల మూడుసార్లు కొట్టి తెలీలేదంది. నాలుగోసారి కళ్లు మూసుకుని కొట్టి, ఉలిక్కిపడ్డట్టు తలెత్తింది. “ఇక్కడ మొద్దుగా ఉంది!”

“చెవులున్నాయి నీకు. కెమెరా పక్కన పెట్టు.”

మూడోరోజు అమ్మకాల మేనేజరు లాయరుని వెంటబెట్టుకుని వచ్చాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడానికి ఇద్దరొచ్చారని మరిది అన్నాడు. వారానికి రెండు రోజులు ఫ్యాక్టరీకి వచ్చి ప్రతి గిటారునీ విని పంపాలి, డిజైనరమ్మాయికి ఆ పని నేర్పాలి, ఇదీ వాళ్ల కోరిక. ముందు, తను ఇంకా చెరపని బోర్డు సంగతి తేల్చమంది ఆమె. లాయరు అక్కడికక్కడే బల్ల మీద కాగితం పెట్టుకుని రాశాడు: “పై వ్యక్తి సదరు పేరుతో పిలవబడుటకు కంపెనీకి ఎట్టి అభ్యంతరము లేదు.” రాసింది చదివి వినిపించి, “సరేనా వదినగారూ?” అన్నాడు. ఇంకా సంతకాలు కాలేదని మేనేజరు అతని మోచెయ్యి పొడిచాడు.

కోత మాత్రం పోలేదు. తీసేద్దామని డిజైనరమ్మాయి ఎంత మొత్తుకున్నా మేనేజరు వినలేదు. కొనేవాళ్లు చిన్న అద్దం, బ్యాటరీ దీపం తెచ్చుకుని మరీ ఆ కోత ఉందో లేదో చూసుకుంటున్నారట. లేకపోతే నకిలీ అని తిరిగిచ్చేస్తున్నారట. ఇంకో రెండు కంపెనీలవాళ్లు కూడా తమ గిటార్లకి కోత పెట్టడం మొదలెట్టారు. నిజం చెప్పి చెప్పి ఆమెకే విసుగొచ్చింది. ఎవరైనా అడిగితే మరిదిని చూపించి, “ఆ కోత పెట్టించింది ఈయనే” అనేది. మరిది ఒద్దికగా తల వంచుకునేవాడు.

ఫ్యాక్టరీలో ఆమెకి కిటికీ పక్కన బల్ల ఇచ్చారు. ఒక గురువారం మధ్యాహ్నం, ఆ రోజుకి తొమ్మిదో గిటారుని తిప్పి పట్టుకున్నప్పుడు, మెడ ఒంటితో కలిసే చోట ఆమె బొటనవేలు ఆగింది. అక్కడ కుడిపక్క ఏటవాలు ఎక్కువ, ఎడమపక్క తక్కువ. ఆమె భర్తది ఎడమచేతి వాటం. కత్తి కుడివైపుకి లాగేది. ఎంత దిద్దినా ఆ చిన్న తేడా ఉండిపోయేది. అది ఆయన చేతి వంకర అని పనివాళ్లు ఆటపట్టించేవాళ్లు. బల్ల మీది మిగతావి కూడా తిప్పి చూసింది. అన్నిట్లోనూ ఉంది, వెంట్రుకవాసి తేడా లేకుండా. కరపత్రంలో దాని గురించి ఒక్క ముక్క లేదు. యంత్రానికి అది గొప్పా తెలీదు, తప్పా తెలీదు. పాత గిటారులో ఉన్నది ఉన్నట్టు దింపింది.

“ఏంటి చూస్తున్నారు వదినా?” అంది డిజైనరమ్మాయి, పుస్తకమూ పెన్నూ సిద్ధం చేసుకుంటూ. “అక్కడేమైనా ఉందా? రాసుకోనా?”

ఆమె బొటనవేలు తియ్యలేదు.

“ఏమీ లేదు,” అంది. “ఇది సరిగ్గానే ఉంది. దీన్నిలా వదిలేయ్. తర్వాతది అందుకో.”