అగ్గిపెట్టెలో రెండు పళ్ళు

ముప్పై ఒక్కేళ్ళ కిందట, మార్చి పదకొండున, ఆయన పొద్దున తిన్నది రెండు రొట్టె ముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు. రొట్టె అంచు గట్టిగా ఉందని విసుక్కున్నాడు కూడా. సొంత ముందుపళ్ళతో కొరికే ఆఖరి రొట్టె అదేనని తెలిస్తే విసుక్కునేవాడు కాదేమో. ఆ మధ్యాహ్నమే, నారి ఎక్కిస్తుండగా పెద్ద విల్లు తిరగబడి రెండు పళ్ళు రాలగొట్టింది.

వాటిని అగ్గిపెట్టెలో దాచాడు. విలువిద్య నేర్చుకునేందుకు కొత్తవాళ్ళు వచ్చినప్పుడల్లా సొరుగులోంచి తీసి చూపించేవాడు. "విల్లు పాములాంటిది. నమ్మితే కాటేస్తుంది" అనేవాడు. గోరంతను కొండంత చేయడంలో ఆయనకు ఆయనే సాటి.

ఈ రోజుతో విలువిద్య శిక్షణ కేంద్రంలో ఆయన ఉద్యోగం అయిపోతుంది. పొద్దున్నే విళ్ళ గది కిటికీ తెరిచి, పద్నాలుగు విళ్ళకు వరసగా నారి ఎక్కించాడు. పదిహేనోది, పెద్దది, మేకుకే ఉండిపోయింది. దాన్ని వంచడానికి ఆయన కుడి భుజం ఆర్నెల్లుగా ఒప్పుకోవడం లేదు. వంచేవాళ్ళు లేకపోతే రేపే అద్దాల పెట్టెలో పెట్టి గోడకు బిగించేస్తామని మేనేజరు చెప్పేశాడు. ఆ మాట విన్నప్పటి నుంచి ఆయనకు అన్నం సయించలేదు.

ఇక మిగిలింది కోడలు. బాణాలకు ఈకలు అతికించేది ఆవిడే, రేపటి నుంచి ఈ గది తాళం కూడా ఆవిడదే. నిండు నీళ్ళ డబ్బాను ఒంటిచేత్తో ఎత్తిపెట్టే మనిషి, పెద్ద విల్లు దగ్గరికొచ్చేసరికి చేతులు వెనక్కి పెట్టుకుంటుంది.

"నావల్ల కాదు మామయ్యా. నా పళ్ళు నాక్కావాలి."

"నిన్నెవరమ్మా ఇంతలా భయపెట్టింది?"

"ఇంకెవరు? కొత్త కోడలికి ఎవరైనా నగలు చూపిస్తారు. మీరు అగ్గిపెట్టె చూపించారు!"

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. స్టూలు మీద కూర్చుని, చేతులకేసి చూసుకున్నాడు.

"అది విల్లు చేసిన పని కాదమ్మా. మీ అత్తయ్య క్యారేజీ పట్టుకుని ఆ గుమ్మంలోకి వచ్చింది. జుట్టు భుజాల దాకా కత్తిరించుకుంది. చూడగానే గుర్తుపట్టలేదు. విల్లు సగం వంచి, మొహం దాని కొస మీదికి తెచ్చి, అటు చూస్తూ ఉండిపోయాను. నారి చివరి ఉచ్చు విల్లు కొసనున్న గాడిలో పడలేదు, విల్లు ఎగిరి మూతి మీద తన్నింది."

"మరి ఇన్నేళ్ళూ తప్పంతా విల్లు మీదికి నెట్టారా?"

"మీ అత్తయ్య మీదికి నెట్టమంటావా?"

కోడలు పకపకా నవ్వింది. ఆ నవ్వు తగ్గకముందే వెళ్ళి మేకు మీది విల్లు దించింది.

ఆయన లేవలేదు, విల్లు ముట్టుకోలేదు. నోటితోనే చెప్పాడు. "ముందు వేలితో నిమిరి చూడు, పగుళ్ళేమైనా ఉన్నాయేమో. కింది ఉచ్చు గాడిలో ఉందా? ఆ కొసను ఎడమ చీలమండ ముందు ఆనించు. కుడికాలు నారికీ విల్లుకీ మధ్య నుంచి వెయ్యి. పిడి తొడ వెనక్కి రావాలి. ఇప్పుడు పైకొమ్మును నెమ్మదిగా ముందుకు వంచు. పక్కకి మెలిపెట్టకు. మొహం దూరం, మొహం! గుమ్మంలో ఎవరొచ్చినా చూడకు."

"ఎవరూ రారులెండి."

ఉచ్చు పైకి జారి గాడిలో కూర్చుంది.

"వదిలెయ్యకు. రెండు కొసలూ చూసుకో. నారి నడిమధ్యలో ఉందా? ఆ, ఇప్పుడు కొద్దికొద్దిగా సడలించు."

విల్లు నిలిచింది. కోడలు నారిని వేలితో మీటితే మంద్రంగా మోగింది. గుమ్మంలోంచి మేనేజరు అంతా చూస్తూనే ఉన్నాడు. ఇద్దరూ అటు తిరగలేదు. అద్దాల పెట్టె ఊసెత్తకుండానే అతను వెళ్ళిపోయాడు.

ఆ రోజంతా మైదానంలో పెద్ద విల్లు బాణాలు వేసింది. సాయంత్రం కోడలే నారి దించి, దాన్ని మేకుకు తగిలించింది. ఆయన తాళంచెవి బల్ల మీద పెట్టి చెప్పులేసుకున్నాడు. వీడ్కోలు మాటలేవీ లేవు. రేపు పొద్దున ఒకే ఇంట్లో టీ తాగేవాళ్ళే కదా.

"మామయ్యా, పళ్ళు మర్చిపోయారు!" కోడలు సొరుగులోంచి అగ్గిపెట్టె తీసి బల్ల మీద పెట్టింది.

"ఉండనీ. చూపించినప్పుడు మాత్రం నిజం చెప్పు."

ఆయన గేటు దాకా నడిచాడు. వెనకాల, ముప్పై ఒక్కేళ్ళుగా ఆయన లాగి మూసిన తలుపును, కోడలు చప్పుడు కాకుండా దగ్గరకు వేసింది. లోపల బల్ల మీద, పెద్ద విల్లు కింద, అంచులరిగిన అగ్గిపెట్టె.