తోటలో మెర్ల్ ఉన్న చోటు

ఆదివారం ఆరాధన అయ్యాక మేమంతా కిందికి దిగి, వంటగది పక్క గదిలో కాఫీ తాగుతాం. దేవుడి కోసం వచ్చేవాళ్ళు ఎందరో నాకు తెలియదుగానీ, కాఫీకి మాత్రం ఒక్కరూ తప్పరు. ఆ రోజు నా స్నేహితురాలు అర్డిత్ చేసిన నిమ్మకాయ కేకు కూడా ఉంది. అయినా ఎవరూ పళ్ళెం ముట్టుకోలేదు. చర్చిని అమ్మేశారని ఫాదర్ ప్రూట్ అప్పుడే పైన ప్రకటించి వచ్చాడు.

మా సెయింట్ డన్‌స్టన్ చర్చి ఊరి నడిబొడ్డున ఉంటుంది. ఒకవైపు బ్యాంకు, మరోవైపు కార్లు నిలిపే అంతస్తుల మేడ. ఒకప్పుడు మిల్లుల యజమానులు ముందు బల్లల మీద కూర్చునేవాళ్ళట. ఇప్పుడు ముందు బల్లలన్నీ ఖాళీ. మిగిలిన ముసలివాళ్ళం వెనక బల్లల్లో, ఎవరి చోట్లో వాళ్ళం కూర్చుంటాం. పొరపాటున ఎవరైనా కొత్తవాళ్ళు వచ్చి మా చోట్లో కూర్చుంటే నవ్వుతూనే వాళ్ళను చూపులతో లేపేస్తాం. తరవాత, కొత్తవాళ్ళు రావడం లేదేమిటా అని కమిటీ వేస్తాం. వాన వస్తే బాప్తిస్మపు తొట్టి పక్కన బకెట్టు పెడతాం. ఈ మధ్య తొట్టిలో కన్నా బకెట్టులోనే నీళ్ళు ఎక్కువ. పిల్లలు పుట్టే వయసు మాలో ఎవరికుంది కనక!

సోమవారాలు మాత్రం చర్చి నిండిపోయేది. వీధుల్లో ఉండేవాళ్ళకు మధ్యాహ్నం వేడిగా భోజనం పెట్టేవాళ్ళం. బల్లల మీద గుడ్డలు పరచాల్సిందేనని నేను పట్టుబట్టేదాన్ని. బలిపీఠం గుడ్డలు ఉతికి ఇస్త్రీ చేసేది నేనే కాబట్టి, గుడ్డల విషయంలో నా మాటకు ఎదురు లేదు. అంతకుముందు చాలా ఏళ్ళు బడి బస్సు నడిపాను. గట్టిగా మాట్లాడటం అక్కడ అలవాటైంది.

ఇక తోట సంగతి. చర్చి వెనక చుట్టూ గోడ ఉన్న చిన్న తోట. దహనం కోరుకున్న మావాళ్ళను అందులో కలిపేస్తాం. కలిపేస్తాం అన్నది తప్పుగా దొర్లిన మాట కాదు. పెట్టె ఉండదు, కుండ ఉండదు, పైన రాయి ఉండదు. గడ్డి చెక్కి, గుంట తవ్వి, బూడిదను ఫాదర్ నేరుగా మట్టిలో పోస్తాడు. మళ్ళీ గడ్డి కప్పేస్తాం. పేరు మాత్రం చర్చి లోపల గోడ మీద ఇత్తడి రేకులో చెక్కిస్తాం. ఈ పద్ధతి అంటే మాకు మహా గర్వం. పై వీధిలోని మెథడిస్టు చర్చివాళ్ళు తమవాళ్ళను పెట్టెల్లో పెట్టి గోడ అరల్లో సర్దుకుంటారు. "చచ్చాక కూడా సామాను వదలరు వీళ్ళు" అని నవ్వుకునేవాళ్ళం. చర్చి ఎక్కడికి పోతుంది, గుర్తులు పెట్టుకోవడానికి? అదీ మా ధీమా.

అర్డిత్ మొగుడు మెర్ల్ అందులోనే ఉన్నాడు. బతికినన్నాళ్ళూ మా బాయిలర్‌ను తిట్టి తిట్టి పని చేయించినవాడు. అతను పోయాక బాయిలర్‌కు తిట్లు కరువై అదీ ఆగిపోయింది. ఇత్తడి రేకులో అతని పేరు కింద అర్డిత్ పేరు కూడా అప్పుడే చెక్కించేసింది. పుట్టిన ఏడు ఉంది, పక్కన ఒక గీత, ఆ పక్కన ఖాళీ. వాళ్ళకు పిల్లలు లేరు. గుండె బలహీనంగా ఉందని డాక్టరు చెప్పినప్పుడు కూడా ఆవిడ బెదరలేదు. "పోతే ఎక్కడికి పోతాను, మెర్ల్ పక్కకేగా" అంది నాతో.

అమ్మకం ప్రకటించిన వారానికి బిషప్పు గారి ఆఫీసు నుంచి ఓక్స్ అనే ఆయన వచ్చాడు. చక్కటి కోటు, మెత్తటి గొంతు. కాఫీ గదిలో కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చున్నాం. ఆయన అన్నీ చెప్పుకొచ్చాడు. చర్చి కూల్చి హోటలు కడతారట. రంగు అద్దాల కిటికీలు ఎవరికో ఇస్తారట.

"తోట మాటేమిటి?" అని అడిగింది అర్డిత్.

"అందులో ఇకమీద ఎవరినీ కలపడానికి లేదమ్మా."

"చర్చి అప్పగించేది ఎప్పుడన్నారు?"

"ఈస్టరు అయ్యాక."

"అయితే ఈస్టరు లోపల నేను చచ్చిపోతే సరిపోతుందా?"

ముందు నవ్వింది థర్లో. అతను మాలో అందరికన్నా పెద్దవాడు, తలుపు దగ్గర నిలబడి ఆరాధన కాగితాలు పంచుతుంటాడు. "తొందరపడకు అమ్మాయ్, అప్పటిదాకా కేకు ఎవరు చేస్తారు?" అన్నాడు. అందరం నవ్వాం. ఓక్స్ నవ్వలేదు.

"సంతకాలు అయిపోయాయమ్మా. ఇవాళ్టి నుంచే కుదరదు," అన్నాడు.

"సరే. అయితే మా ఆయన్ని తీసి నాకిచ్చెయ్యండి."

"తియ్యడానికి అక్కడ ఏముం..." అని ఆయన నోరు మూసుకున్నాడు. ఎవరి కప్పులోకి వాళ్ళు చూసుకున్నాం. పెట్టెలో పెట్టి ఉంటే తీసి ఇచ్చేవాళ్ళు. ఆ మెథడిస్టులను చూసి మేం నవ్విన నవ్వంతా నాకు గుర్తొచ్చింది.

ఆయన దగ్గర ఒక ఏర్పాటు ఉంది. తోట మట్టిని లోతుగా తవ్వించి, లారీలో ఊరి బయట సెయింట్ మోనికా చర్చికి తీసుకెళ్ళి, అక్కడి పచ్చికలో పోయిస్తారట. మరి అర్డిత్ పోయాక? అక్కడ గోడలో అరలున్నాయి, పెట్టెలో అయితే చోటిస్తారు. పచ్చికలో కొత్తగా ఎవరినీ కలపనివ్వరు.

"పెళ్ళయిన దగ్గర్నుంచీ ఒక్క మంచం మీద పడుకున్నవాళ్ళం. ఇప్పుడు ఆయన నేల మీదా, నేను బీరువాలోనా?" అంది అర్డిత్.

ఓక్స్ చెడ్డవాడు కాదు, అదే నా ఏడుపు. చెడ్డవాడైతే నాలుగు దులిపి పంపించేదాన్ని. చివరికి, మెర్ల్ ఉన్న చోటి మట్టి ఒక డబ్బాలో తీసి దాచుకోవచ్చనీ, ఆ డబ్బాను ఆవిడ పెట్టెతోపాటు అరలో పెట్టిస్తాననీ మాటిచ్చాడు. "అది చాలు," అంది అర్డిత్. ఏళ్ళ తరబడి చూస్తున్నాను ఆవిడను. సరిపోనిదానికి చాలు అనడం అదే మొదటిసారి.

నేను ఊరుకోలేదు. కారేసుకుని బిషప్పు గారి దగ్గరికే వెళ్ళాను. మంచి టీ ఇప్పించారు. నేను చెప్పిందంతా కళ్ళు మూసుకుని విన్నారు. చివరికి, "లెనోరా గారూ, ప్రార్థన చేద్దామా?" అన్నారు. మావాళ్ళలో ఆ మాట వచ్చిందంటే పని కాదని అర్థం. ప్రార్థన చేసి, కోటు తగిలించుకుని వచ్చేశాను.

ఫాదర్ ప్రూట్‌ను నిలదీద్దామని వెళితే, ఆయన ఆఫీసు గదిలో నేల మీద కూర్చుని పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతున్నాడు.

"నాకూ ఇంకా ఏ చర్చిలోనూ చోటు దొరకలేదు లెనోరా," అన్నాడు తలెత్తకుండానే.

ఇక ఏం తిట్టను! నేనూ కూర్చుని పుస్తకాలు అందించాను.

చివరి సోమవారం భోజనం పెట్టాం. తెల్లగడ్డం మనిషి ఒకడు ఎప్పుడూ రెండోసారి వడ్డించుకుని తింటాడు. ఆ రోజు ఒక్కసారే తిన్నాడు. "వచ్చే సోమవారం ఎక్కడమ్మా?" అని అడిగాడు. ఆ పక్క వీధిలో, ఈ పక్క వీధిలో అని ఏవో పేర్లు చెప్పాను. అక్కడ సోమవారాలు పెట్టరని నాకు తెలుసు, అతనికి ఇంకా బాగా తెలుసు. "మంచిదమ్మా," అని బల్ల మీది గుడ్డను సర్ది మరీ లేచాడు. నేను వంటగదిలోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చాను.

ఈస్టరు అయిన వారంలో తోట తవ్వించారు. సన్నగా తుంపర పడుతోంది. అర్డిత్ నడవడానికి ఊతగా పట్టుకునే వాకర్‌ను బురదలో నెట్టుకుంటూ వచ్చింది. చంకలో బిస్కెట్ల రేకు డబ్బా. ఫాదర్ ప్రూట్, థర్లో, నేను. తవ్వే యంత్రం నడిపేవాడు లావుపాటి మనిషి, మమ్మల్ని చూసి యంత్రం ఆపి దిగాడు.

"ముందు మీకు కావలసింది తీసుకోండమ్మా. ఏ చోటు?" అని అడిగాడు.

"లైలాక్ పూల పొద దగ్గర," అన్నాడు థర్లో.

"కాదు, బెంచీ దగ్గర," అన్నాను నేను.

"నీకేం తెలుసే? ఆ రోజంతా ఏడుస్తూనే ఉన్నావు," అంది అర్డిత్.

"ఏడుస్తూ అయినా చూశాను. నువ్వేం చూశావ్?"

"ఫాదర్ బూట్లు. అప్పటి ఫాదర్ బూట్లు తప్ప నాకేం గుర్తులేదు. అంతా మంచు."

"గుంట తవ్విందే నేను! నాకు తెలీదా?" అని థర్లో గొంతు పెంచాడు.

"నువ్వు తవ్వింది జడ్జి హాస్కెల్‌కి. మెర్ల్ పోయినప్పుడు నీకు నడుం పట్టేసి మంచం దిగలేదు," అన్నాను.

"అవునా?" అని థర్లో తన నడుం మీద చెయ్యి వేసుకున్నాడు.

అందరం అర్డిత్ వంక చూశాం. ఆవిడ తోటంతా చూసింది. గడ్డి అంతా ఒక్కలాగే ఉంది. అలా ఉండాలనే కదా మేం కోరుకున్నది! మా మీద మాకే ఒళ్ళు మండే సమయం అది, కానీ మండడానికి కూడా ఓపిక లేదు నాకు.

"లైలాక్ దగ్గరే అయ్యుంటుంది. ఆయనకా పొదంటే ఇష్టం," అంది చివరికి. అడిగినట్టుగా అంది. ఎవరూ కాదనలేదు.

లావుపాటి మనిషి పార తెచ్చి, గడ్డి చెక్కి, డబ్బా నిండా మట్టి నింపి, అంచులు తన చొక్కాతో తుడిచి ఇచ్చాడు. ఫాదర్ ప్రూట్ మట్టికి మట్టి, బూడిదకు బూడిద అని చదివాడు. అర్డిత్ మూత పెట్టి రెండు చేతులా పట్టుకుంది. ఆవిడ ముఖం కాస్త తేరుకోవడం చూశాను.

యంత్రం అవతలి గోడ దగ్గర మొదలైంది. దాని ఇనప పళ్ళున్న బొచ్చె నేలలోకి దిగడం, మట్టి ఎత్తడం, లారీలో పొయ్యడం. మేం చూస్తూ నిలబడ్డాం. ఒకసారి మట్టితోపాటు గోడ పక్కనున్న పాత కుళాయి గొట్టం కూడా వంగి, విరిగి పైకి లేచింది.

"ఆపండి!" అని అరిచింది అర్డిత్. అంత గొంతు ఆవిడలో ఉందని నాకు తెలియదు. "ఆపండి, ఆపండి!"

అతను ఆపాడు. కానీ బొచ్చె అప్పటికే లారీ మీద తిరగబడింది.

"ఆ కుళాయి, లెనోరా! ఆ రోజు కాలు జారితే దాన్నే పట్టుకున్నాను. చలికి నా అరచెయ్యి ఇనుముకి అంటుకుపోయింది. ఫాదర్ పోసేవాడల్లా ఆపి, వెచ్చగా ఊది, నా చెయ్యి విడిపించాడు. ఆయన ఇంకో చేతిలో మెర్ల్. అక్కడే. నా కాళ్ళ దగ్గరే పోశాడు."

అప్పుడు నాకూ గుర్తొచ్చింది. ఆవిడ చేతికి నా తొడుగు ఇచ్చింది నేనే.

లావుపాటి మనిషి దిగి లారీ ఎక్కాడు. లోపల మట్టి కుప్పను చాలాసేపు చూశాడు. "ఏది ఎక్కడ పడిందో నాక్కూడా తెలియడం లేదమ్మా," అని టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ఫాదర్ ప్రూట్ ప్రార్థనల పుస్తకంలో పేజీలు తిప్పుతున్నాడు. మా పుస్తకంలో అన్నిటికీ ప్రార్థనలున్నాయి. వానకు ఉంది, పంటకు ఉంది, ప్రయాణానికి ఉంది. ఆయన తిప్పి తిప్పి పుస్తకం మూసేశాడు.

"ఆ డబ్బా ఖాళీ చెయ్యవే," అన్నాను. "లారీలో పైనున్న మట్టి తీయిద్దాం. అందులో ఎంతో కొంత మెర్ల్ ఉండకపోడు."

అర్డిత్ డబ్బాను ఇంకా దగ్గరికి తీసుకుంది.

"ఖాళీ చెయ్యడం ఏమిటే? ఇందులో ఎవరో ఉన్నారుగా."

"ఎవరు?"

"నాకేం తెలుసు. ఎవరి మొగుడో, ఎవరి తల్లో. ఆ హాస్కెలే అయినా ఏం చేస్తాం. మనం అడిగి తీసుకున్నాం, పేరు పెట్టి ప్రార్థన చదివించాం. ఇప్పుడు నువ్వు కాదులే అని బురదలో పారబొయ్యనా?"

యంత్రం మళ్ళీ మొదలైంది. ఎవరూ మొదలుపెట్టమనలేదు, వద్దనలేదు. అతని పని అతను చెయ్యాలి కదా. ఆవిడను కారులో కూర్చోబెట్టి బెల్టు పెట్టాను. డబ్బా ఒళ్ళోనే ఉంది, తుంపరకు తడిసిన మూతను కోటు అంచుతో తుడుస్తోంది. తోట గేటులోంచి లారీ మా ముందే రోడ్డెక్కి, సెయింట్ మోనికా వైపు తిరిగింది.

"వెనకే వెళ్ళనా?" అని అడిగాను.

"వద్దు. ఇంటికి పోనివ్వు." మూత గట్టిగా నొక్కి, "నేను పోయాక దీన్ని నాతోపాటే అరలో పెట్టించు లెనోరా," అంది. "పాపం, ఒక్కరే ఎలా ఉంటారు."